కరెంటు తిరిగొచ్చే దారి

మూసిన పెట్టెలో కరిగిన లోహం ఉందనుకుందాం. ఒక నిలువు గోడను వేడిగా, ఎదుటి గోడను చల్లగా ఉంచితే ఎవరూ కలపకుండానే లోపలి లోహం కదలడం మొదలుపెడుతుంది. వేడెక్కినది తేలికై పైకి లేస్తుంది, చల్లబడినది బరువెక్కి కిందికి దిగుతుంది. పెట్టె నిండా ఒక పెద్ద సుడి ఏర్పడి ఈ గోడ వేడిని ఆ గోడకు చేరవేస్తుంది. పొయ్యి మీద ఎసరు కాగేటప్పుడు బియ్యపు గింజల్ని కిందికీ మీదికీ తిప్పేది కూడా ఈ ఉష్ణ సంవహనమే. ఇప్పుడు ఆ లోహపు పెట్టెను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో, పరిశోధన పత్రాల సారాంశాల్లో తరచూ కనిపించే జవాబు ఒకటే: అయస్కాంత క్షేత్రం ప్రవాహాన్ని అణచివేస్తుంది, వేడి ప్రసారం తగ్గుతుంది. ఈ మాట అబద్ధం కాదు. కానీ సగం దగ్గరే ఆగిపోయిన మాట. క్షేత్రం అన్ని కదలికల్నీ ఒకేలా అణచదు. కొన్నింటిని చంపేస్తుంది, కొన్నింటి జోలికి పోదు, కొన్నింటికి అడ్డు తొలగించి బలం చేకూరుస్తుంది. ఏది బతకాలో తేల్చేది క్షేత్రం బలం ఒక్కటే కాదు. ద్రవంలో పుట్టిన కరెంటు ఏ దారిన తిరిగి వస్తుందో, ఆ దారిలో ఏ గోడలు అడ్డున్నాయో చూడాలి. లోహం లోపలికి మన చూపు పోదు కనుక ఈ సంగతిని వివరంగా చూపగలిగింది కంప్యూటర్ సిమ్యులేషనే. అదే సిమ్యులేషన్ కరెంటు దారిని పట్టించుకోకపోతే, చూడటానికి ఎంతో అందంగా ఉండే తప్పుడు బొమ్మను చేతిలో పెడుతుంది.

ముందు బలం ఎలా పుడుతుందో చూద్దాం. విద్యుత్తును మోయగల ద్రవం క్షేత్ర రేఖలకు అడ్డంగా కదిలితే దానిలో విద్యుచ్చాలక బలం పుడుతుంది. జనరేటర్‌లో రాగి తీగ చుట్టకు జరిగేది సరిగ్గా ఇదే. ఆ బలం వల్ల కరెంటు పారితే, ఆ కరెంటుకూ క్షేత్రానికీ మధ్య లోరెంజ్ బలం పుట్టి, తనను పుట్టించిన కదలికనే ఎదిరిస్తుంది. సుడి శక్తి కొంచెం కొంచెంగా విద్యుత్ నిరోధంలో వేడిగా మారిపోతుంది. ఇక్కడ ‘పారితే’ అన్న షరతును గట్టిగా పట్టుకోవాలి. జనరేటర్ చుట్ట రెండు కొసలూ విడిగా వదిలేస్తే వోల్టేజి ఉంటుంది, కరెంటు ఉండదు, చుట్టను తిప్పడం తేలిక. కొసలు కలిపితే తిప్పడం బరువవుతుంది. ద్రవంలో తీగలుండవు కనుక, కరెంటు తన వలయాన్ని ద్రవంలోనే, లేదా లోహపు గోడల్లోనే పూర్తి చేసుకోవాలి. వలయం పూర్తయ్యే వీలు లేని చోట విద్యుదావేశాలు పోగుపడి, ఎదురు వోల్టేజి ఏర్పడి, కరెంటు ఆగిపోతుంది. కరెంటు ఆగితే అణచివేతా ఉండదు.

ఈ లోరెంజ్ బలాన్ని కొలిచే సంఖ్యకు డెన్మార్క్ శాస్త్రవేత్త యూలియస్ హార్ట్‌మన్ పేరు పెట్టారు. ఆయన 1937లో పాదరసాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య సన్నని గొట్టాల్లో పారించి ఈ రంగానికి పునాది వేశారు. క్షేత్ర బలాన్ని పెట్టె కొలతతో గుణించి, విద్యుద్వాహకతను స్నిగ్ధతతో భాగించగా వచ్చిన దాని వర్గమూలంతో మళ్లీ గుణిస్తే హార్ట్‌మన్ సంఖ్య వస్తుంది. దాని వర్గం లోరెంజ్ బలానికీ స్నిగ్ధత బలానికీ ఉన్న నిష్పత్తి. 10 సెంటీమీటర్ల పెట్టె, 1 టెస్లా క్షేత్రం తీసుకుని లెక్క వేస్తే పాదరసానికి సుమారు 2600 వస్తుంది. అదే పెట్టెలో సముద్రపు నీరు పోస్తే 7. తేడా ఎంతటిదో తెలియాలంటే దాన్ని ఉత్ప్లవన బలంతో పోల్చాలి. రెండు గోడల మధ్య 10 డిగ్రీల తేడా ఉంచి, హార్ట్‌మన్ సంఖ్య వర్గాన్ని, ఉత్ప్లవన బలాన్ని కొలిచే గ్రాషాఫ్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే పాదరసంలో అయస్కాంత బలం సుడిని నడిపే బలానికి 180 రెట్ల దాకా ఉంటుంది. సముద్రపు నీటిలో నూరో వంతు. అంటే ఒకే అయస్కాంతం ఒక ద్రవాన్ని పూర్తిగా శాసిస్తుంది, మరో ద్రవానికి తానున్నట్టు కూడా తెలియనివ్వదు. ఈ రెండంకెలు గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే ఒక వివాదం సులువుగా తేలిపోతుంది.

అయస్కాంతం ప్రవాహాన్ని ఆపేస్తుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. లాహోర్‌లో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1952లో ఈ సమస్యను గణితంగా పట్టుకున్నారు, 1961లో వెలువరించిన పెద్ద గ్రంథంలో దాన్ని విస్తరించారు. ద్రవపు పొరను కింది నుంచి వేడి చేసినప్పుడు, వేడి ఒత్తిడిని కొలిచే రేలీ సంఖ్య 1708 దాటితేనే సంవహనం మొదలవుతుంది. నిలువుగా క్షేత్రం పెడితే ఆ హద్దు పైకి జరుగుతుంది. క్షేత్రం బాగా బలమైనదైతే హద్దు హార్ట్‌మన్ సంఖ్య వర్గానికి దాదాపు పది రెట్లకు చేరుతుందని ఆయన చూపారు. షికాగోలో నాకగావా 1955 నుంచి పాదరసపు పొరలతో ప్రయోగాలు చేశారు. తరువాతి ప్రయోగాలకు మరమ్మతు చేసిన పాత సైక్లోట్రాన్ అయస్కాంతాన్ని వాడారు. కొలతలు సిద్ధాంతంతో చక్కగా కలిశాయి. 1966లో అమెరికాలో ఉటెక్, ఫ్లెమింగ్స్, ఇంగ్లండ్‌లో చెడ్జీ, హర్ల్ వేర్వేరుగా ఒకే సంగతి కనిపెట్టారు: అర్ధవాహక స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెంచితే, కరిగిన పదార్థం అటూ ఇటూ ఊగడం ఆగి, స్ఫటికంలో మాలిన్యాల చారలు మాయమవుతాయి. 1980 నాటికి జపాన్‌లో సోనీ సంస్థ పరిశోధకులు 1414 డిగ్రీల దగ్గర కరిగే సిలికాన్‌కు ఈ పద్ధతిని తెచ్చారు. కరిగిన సిలికాన్ తనను పట్టి ఉంచిన సిలికా మూసను నెమ్మదిగా కరిగించి ఆక్సిజన్‌ను లోపలికి తీసుకుంటుంది. ప్రవాహాన్ని అదుపు చేయడమంటే ఆ ఆక్సిజన్‌ను అదుపు చేయడమే. సిద్ధాంతం, ప్రయోగం, పరిశ్రమ మూడూ ఒకే మాట చెప్పాక దాన్ని శంకించే అవసరం ఎవరికి కలుగుతుంది?

అయినా పరిశ్రమే మొదటి హెచ్చరిక కూడా చేసింది. సిలికాన్ మూసకు క్షేత్రాన్ని అడ్డంగా పెడితే వచ్చిన మేలు నిలువుగా పెడితే రాలేదు. నిలువు క్షేత్రంలో పెరిగిన స్ఫటికాల్లో ఆక్సిజన్ పంపిణీ అధ్వానమైన సందర్భాలూ ఉన్నాయి. అందుకే తర్వాత రెండు చుట్టల్లో కరెంటును ఎదురెదురు దిశల్లో పంపి క్షేత్ర రేఖల్ని వంచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. క్షేత్రం ఎంత బలమైనదన్నదే ముఖ్యమైతే దిశ మార్చినందుకు ఇంత తేడా రాకూడదు.

దిశ ప్రశ్నను సూటిగా పట్టుకున్నది జపాన్ పరిశోధకులు ఓజో, ఒకాడా. 1989లో వాళ్లు ఒక ఘనాకారపు పెట్టెను కంప్యూటర్‌లో కట్టి, ఎదురెదురు నిలువు గోడల్లో ఒకదాన్ని వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచి, క్షేత్రాన్ని మూడు దిశల్లో వంతులవారీగా పెట్టి చూశారు. సిమ్యులేషన్ అంటే ఏం చేస్తారో ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి. పెట్టెను చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. ఒక్కో గడిలో వేగం, ఒత్తిడి, ఉష్ణోగ్రత, విద్యుత్ పొటెన్షియల్ ఎంతో రాసుకుంటారు. పక్క గడుల నుంచి వచ్చేది, పక్క గడులకు పోయేది లెక్క కట్టి ఒక చిన్న కాలఖండం ముందుకు జరుగుతారు. ఇలా వేలసార్లు, లక్షలసార్లు. లోహాల విషయంలో ఒక సౌలభ్యం ఉంది: ద్రవంలో పుట్టే కరెంటు సొంతంగా కలిగించే క్షేత్రం బయటి క్షేత్రం ముందు లెక్కలోకి రాదు. 10 సెంటీమీటర్ల పెట్టెలో సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో తిరిగే లోహంలో ఆ నిష్పత్తి వందో వంతు చుట్టుపక్కలే. కనుక క్షేత్రాన్ని మార్పు లేనిదిగా తీసుకుని పొటెన్షియల్‌కు ఒకే ఒక్క సమీకరణం సాధిస్తే సరిపోతుంది. గడిలోకి వచ్చిన కరెంటు మొత్తం బయటికి పోవాలన్నదే ఆ సమీకరణం చెప్పేది. కరెంటు తిరిగొచ్చే దారి దాగి ఉన్నది అందులోనే.

ఓజో, ఒకాడాల లెక్కలో వేడి గోడకు లంబంగా పెట్టిన క్షేత్రం ప్రవాహాన్ని అన్నింటికన్నా బాగా అణచింది. నిలువు క్షేత్రం దాని తర్వాత. వేడి గోడకు సమాంతరంగా, అడ్డంగా, అంటే సుడి ఇరుసు వెంట పెట్టిన క్షేత్రం అన్నింటికన్నా తక్కువ ప్రభావం చూపింది. 1992లో కరిగిన గాలియంతో నిజంగానే పెట్టె కట్టి చూస్తే అదే వరస వచ్చింది. కారణం కరెంటు దారిలో ఉంది. క్షేత్రం వేడి గోడకు లంబంగా ఉన్నప్పుడు, వేడి గోడ పక్కన పైకి లేచే లోహంలో విద్యుచ్చాలక బలం ఒక దిశలో, చల్ల గోడ పక్కన దిగే లోహంలో సరిగ్గా దానికి ఎదురు దిశలో పుడుతుంది. ఒకటి అటు తోస్తుంది, ఒకటి ఇటు తోస్తుంది. పెట్టె చివర్లలో మలుపు తీసుకుని వలయం హాయిగా పూర్తవుతుంది. కరెంటు ధారాళంగా పారుతుంది, సుడి నీరసిస్తుంది. క్షేత్రం సుడి ఇరుసు వెంట ఉన్నప్పుడు మాత్రం విద్యుచ్చాలక బలం సుడి మధ్య నుంచి అంచులకో, అంచుల నుంచి మధ్యకో ఉంటుంది. చుట్టూ ఒకే తీరు కనుక తిరిగి రావడానికి వేరే దారి లేదు. ఆవేశాలు పోగై, పొటెన్షియల్ ఆ బలాన్ని దాదాపు పూర్తిగా రద్దు చేస్తుంది. మిగిలేది సుడి రెండు కొసల్లో గోడలను ఆనుకుని ఉండే పలచని పొరలు. అక్కడ వేగం తక్కువ కనుక కొంచెం కరెంటు ఆ సందుల్లోంచి తిరిగి వస్తుంది, ఆ మేరకే అణచివేత. తర్వాత 1997లో తగావా, ఓజో ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ దిశలో బలహీనమైన క్షేత్రం వేడి ప్రసారాన్ని తగ్గించడానికి బదులు పెంచుతుందని చూపించారు. క్షేత్రం అడ్డదిడ్డమైన చిల్లర కదలికల్ని తుడిచేసి, ఇరుసు వెంట తిరిగే పెద్ద సుడిని మాత్రం వదిలేసింది. చిందరవందర తగ్గిన ఆ సుడి వేడిని ముందుకన్నా బాగా మోసింది. కార్ల్స్‌రూహేలో బర్, మ్యూలర్ సోడియం–పొటాషియం మిశ్రమం మీద అడ్డంగా క్షేత్రం పెట్టి చేసిన ప్రయోగాల్లోనూ మధ్యస్థ బలం దగ్గర ఇలాంటి పెరుగుదలే కనిపించింది. ‘క్షేత్రం పెడితే వేడి ప్రసారం తగ్గుతుంది’ అన్న వాక్యం ఇక్కడ నిలవదు.

చంద్రశేఖర్ హద్దు మాటేమిటని అడగవచ్చు. నిలువు క్షేత్రంలో కింద వేడి, పైన చలువ ఉన్న పొరలో అయినా ప్రవాహం పూర్తిగా ఆగాలి కదా. ఆయన గణితంలో తప్పేమీ లేదు, కానీ ఆ పొరకు పక్క గోడలు లేవు. అది అంతులేకుండా పరచుకున్న పొర. మన పెట్టెకు గోడలున్నాయి. జర్మనీలోని ఇల్మెనావ్‌లో లియూ, క్రాస్నోవ్, షూమాఖర్ 2018లో మూసిన చతురస్రపు పెట్టెలో గాలియం వంటి ద్రవాన్ని తీసుకుని, రేలీ సంఖ్యను కోటి దగ్గర ఉంచి, క్షేత్రాన్ని పెంచుకుంటూ పోయారు. పై సూత్రం ప్రకారం హార్ట్‌మన్ సంఖ్య 1000 దాటగానే ఆ పెట్టెలో చలనం ఉండకూడదు. పెట్టె మధ్యలో లేదు కూడా. కానీ పక్క గోడలను అంటుకుని పైకీ కిందికీ సాగే ధారలు వరసగా నిలిచి ఉన్నాయి, హద్దు దాటాక కూడా కొంత వేడిని మోస్తూనే ఉన్నాయి. విద్యుత్తును పోనివ్వని గోడ పక్కన కరెంటు మలుపు తిరగాల్సి వస్తుంది, ఆ మలుపులో అది క్షేత్రానికి సమాంతరంగా పారుతుంది. సమాంతర కరెంటుకు లోరెంజ్ బలం ఉండదు. కనుక గోడ పక్కన సన్నని పట్టీలో ప్రవాహానికి ఊపిరి దొరుకుతుంది. ఇలాంటి గోడ ధారలు ఉండాలని 2008లోనే బుస్సే గణితంగా చెప్పారు. ఆయన లెక్కలో అవి పుట్టే హద్దు హార్ట్‌మన్ సంఖ్య ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది, చంద్రశేఖర్ హద్దు రెండో ఘాతంగా పెరుగుతుంది. అంటే క్షేత్రం ఎంత పెంచితే ఈ రెండు హద్దుల మధ్య దూరం అంత పెరుగుతుంది. లోపలి లోహం అంతా నిద్రపోయినా గోడల పక్కన మెలకువగా ఉండే మేర విస్తరిస్తూ పోతుంది. 2020లో డ్రెస్డెన్‌లో గాలియం–ఇండియం–తగరం మిశ్రమంలోకి అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి వేగాలు కొలిచినప్పుడు, హద్దుకు అవతల కూడా గోడల పక్కన వేడిని మోసే ప్రవాహం దొరికింది. ముందు గణితం, తర్వాత సిమ్యులేషన్, ఆపైన ప్రయోగం అన్న ఈ వరస నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఎక్కడ వెతకాలో తెలియకపోతే లోహంలో గోడ పక్కన పలచని పట్టీని ఎవరు వెతుకుతారు?

మాస్కోలో వరస తిరగబడింది. అక్కడ ప్రయోగం ముందు కలవరపెట్టింది. అడ్డంగా పెట్టిన గొట్టంలో పాదరసం పారిస్తూ, కింది సగాన్ని వేడి చేస్తూ, గొట్టానికి అడ్డంగా క్షేత్రం పెంచుతూ పోయారు. మొదట అనుకున్నట్టే అల్లకల్లోలం సద్దుమణిగింది. ఇంకా పెంచితే ఉష్ణోగ్రత పెద్ద పెద్ద ఊపులతో, నెమ్మదైన లయలో పైకీ కిందికీ పడసాగింది. క్షేత్రం లేనప్పటి ఊగిసలాటకన్నా ఇవి పెద్దవి. సాధనంలో లోపమా, కొలతలో పొరపాటా అన్న అనుమానం రావడం సహజం. 2013లో జికనోవ్, లిస్త్రాతోవ్, స్విరిదోవ్ సిమ్యులేషన్‌తో దీన్ని విప్పారు. క్షేత్రం చిన్న సుడుల్ని చంపేసింది కనుక వేడిని పైకి తీసుకెళ్లి కలిపేవాళ్లు లేకపోయారు, గొట్టం అడుగున వేడి పోగుపడింది. క్షేత్ర రేఖల వెంట ఇరుసున్న సుడులు మాత్రం, ముందు చెప్పిన కారణంగానే, అణచివేతకు దొరక్కుండా మిగిలాయి. పోగుపడిన వేడి మొత్తం వాటికి ఇంధనమైంది. అడ్డొచ్చేవాళ్లు లేని ఆ సుడులు పెద్దవై గొట్టం వెంట ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటే, ఒకే చోట నిలిపిన ఉష్ణమాపకం వేడి, చలువ, వేడి, చలువ అని చెప్పింది. అణచివేతే ఆ ఊపులకు కారణమైంది.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది, రెండు కొలతల్లో, అంటే పెట్టెను ఒక చదరంగా తీసుకుని చేసే లెక్కలు తక్కువ ఖర్చుతో అవుతాయి, దశాబ్దాలుగా పనికొస్తున్నాయి, వాటిని తప్పు పట్టడం ఎందుకు? బెంగళూరులో రుద్రయ్య బృందం 1995లో చదరపు పెట్టెలో క్షేత్రం వేడి ప్రసారాన్ని ఎలా తగ్గిస్తుందో లెక్కకట్టింది. తర్వాత ఎంతోమంది తమ ప్రోగ్రాములను దానితో సరిచూసుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల గణిత విభాగాల్లో కూడా అయస్కాంత ద్రవగతి మీద పరిశోధన ఎప్పటి నుంచో సాగుతోంది, వాటిలో చాలా భాగం రెండు కొలతల లెక్కలే. పొడవైన పెట్టెలో, సుడి ఒకే తీరుగా సాగినప్పుడు ఈ లెక్కలు నిజానికి దగ్గరగా వస్తాయి, అందులో సందేహం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, చదరానికి మూడో దిశ లేదు కనుక కరెంటు కాగితంలోంచి బయటికి పోయి ఎక్కడో వలయం పూర్తి చేసుకుంటుందని ముందే ఒప్పేసుకుంటాం. ఆ మలుపులో ఎదురయ్యే నిరోధం లెక్కలోకి రాదు. అంతకు మించి, సుడి తన ఇరుసును క్షేత్రం వైపు తిప్పుకునే స్వేచ్ఛ ఆ చదరంలో లేదు. లోహం అసలైన పెట్టెలో చేసే ఎంపిక మనం గీసిన కాగితం మీద అసాధ్యం. అణచివేత తప్ప ఇంకేమీ కనిపించని చోట అణచివేతే కనిపించిందని చెప్పడం రుజువు కాదు.

రెండో అభ్యంతరం నానోద్రవాల వైపు నుంచి వస్తుంది. నీటిలో లోహపు లేదా ఆక్సైడ్ నానోకణాలు కలిపి, పెట్టెలో పోసి, హార్ట్‌మన్ సంఖ్య 50, 100 అని పెట్టి చేసిన సిమ్యులేషన్లు గత రెండు దశాబ్దాల్లో విపరీతంగా వచ్చాయి. వీటిలో ఒకదాన్ని తీసుకుని నిజమైన పెట్టెగా మార్చి చూద్దాం. 1 సెంటీమీటర్ పెట్టె, మామూలు కుళాయి నీటి వాహకత మీటరుకు 0.05 సీమెన్స్. హార్ట్‌మన్ సంఖ్య 100 కావాలంటే క్షేత్రం 1400 టెస్లాలు ఉండాలి. ప్రపంచంలో ప్రయోగశాలలు నిలకడగా సృష్టించగలిగిన అత్యధిక క్షేత్రం 45 టెస్లాల దగ్గర ఉంది. కణాలు కలిపితే వాహకత పెరుగుతుంది కదా అంటారు. ఈ పత్రాలు సాధారణంగా వాడే మాక్స్‌వెల్ సూత్రం ప్రకారమే నూటికి నాలుగు పాళ్లు కణాలు కలిపితే పెరిగేది 12 శాతం చుట్టూ. ‘ఇవి ప్రమాణాలు లేని సంఖ్యలు, ఏ ద్రవానికైనా వర్తిస్తాయి’ అన్నది మరో సమాధానం. ప్రమాణాలు లేని సంఖ్యల అందం నిజంగానే అది, కానీ అదే పత్రంలో, ద్రవాన్ని బట్టి మారే ప్రాంట్ల్ సంఖ్యను నీటిదైన 6.2 అని రాసినప్పుడు ద్రవం ఏదో తేలిపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఒక మినహాయింపు ఉంది. కరిగిన ఫ్లోరైడ్ లవణాల ప్రాంట్ల్ సంఖ్య నీటి స్థాయిలోనో అంతకు మించో ఉంటుంది. వాటి వాహకత సముద్రపు నీటికి పదుల రెట్లు. 10 టెస్లాల క్షేత్రంలో, 10 సెంటీమీటర్ల పెట్టెలో హార్ట్‌మన్ సంఖ్య 100 దాటడం వాటికి కష్టం కాదు. ఆ పత్రాలను లవణాల మీద పత్రాలుగా చదివితే కొన్నింటికి ప్రాణం వస్తుంది. ఫెర్రోద్రవాల సంగతి వేరు. అక్కడ బలం కరెంటు వల్ల పుట్టదు, కణాలు అయస్కాంతీకరణం చెందడం వల్ల పుడుతుంది, దానికి వేరే సమీకరణం రాయాలి. ఇక నానోకణాలు ఉష్ణవాహకతను అసాధారణంగా పెంచుతాయన్న ఆశను పరీక్షించడానికి 2009లో 30కి పైగా సంస్థలు ఒకే నమూనాలను విడివిడిగా కొలిచి చూశాయి. ఆ నమూనాల్లో పాత సిద్ధాంతం చెప్పినదానికి మించిన పెరుగుదల ఏమీ కనిపించలేదు.

మూడోది లోతైన ప్రశ్న. కంప్యూటర్ ఇచ్చిన అంకెను ఎందుకు నమ్మాలి? నమ్మకూడదు, సరిచూసేదాకా. ఈ రంగం ఆ క్రమశిక్షణను చాలా ముందే నేర్చుకుంది. 1983లో ఆస్ట్రేలియాలో డి వాల్ డేవిస్ అయస్కాంతం లేని, గాలి నిండిన చదరపు పెట్టెకు ప్రామాణిక జవాబులు ప్రచురించారు. రేలీ సంఖ్య వెయ్యి అయితే వేడి ప్రసారాన్ని కొలిచే సగటు నసెల్ట్ సంఖ్య 1.118, పదివేలకు 2.243, లక్షకు 4.519, పది లక్షలకు 8.800. కొత్తగా ప్రోగ్రాం రాసినవాళ్లు ఇప్పటికీ ముందు ఈ నాలుగు అంకెలు తెప్పించి చూపాలి. ఆఖరి అంకెను 1991లో ల కెరే మరింత సూక్ష్మమైన పద్ధతితో 8.825కు సరిదిద్దారు. పది లక్షల దగ్గరే ప్రామాణిక జవాబు కూడా మూడో అంకెలో కదిలింది. క్షేత్రం ఉన్నప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ సరిచూసుకోవడానికి ఇంత స్పష్టమైన కొలబద్ద చాలాకాలం లేదు. కేంద్రక సంలీన (ఫ్యూజన్) రియాక్టర్ల కోసం పనిచేసేవాళ్లు 2015లో ఐదు రకాల పరీక్షలు ప్రతిపాదించారు. సాధారణ గొట్టపు ప్రవాహంతో మొదలై, చివరిది వేడి వల్ల నడిచే ప్రవాహం.

ఆ రియాక్టర్లే ఈ లెక్కలకు అసలు పరీక్ష. ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో కడుతున్న ఐటర్‌లో ప్లాస్మా మధ్య క్షేత్రం 5.3 టెస్లాలు. అలాంటి యంత్రాల చుట్టూ ఉండే కవచంలో సీసం–లిథియం మిశ్రమాన్ని పారించి, లిథియం నుంచి ఇంధనమైన ట్రిటియం పుట్టించాలన్నది ఒక ముఖ్యమైన ఆలోచన. ఆ మిశ్రమం 235 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ సీసం–లిథియాన్ని, సిరామిక్ గుళికలను కలిపి వాడే కవచాన్ని రూపొందించింది. పూర్తిస్థాయి రియాక్టర్‌లో ఇలాంటి కవచపు గదుల్లో హార్ట్‌మన్ సంఖ్య పదివేలకు, గ్రాషాఫ్ సంఖ్య లక్ష కోట్లకు చేరుతుంది. గది సగం వెడల్పు 10 సెంటీమీటర్లనుకుంటే క్షేత్రానికి లంబంగా ఉన్న గోడ మీద హార్ట్‌మన్ పొర మందం 10 మైక్రోమీటర్లు, తల వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ. సమాంతర గోడల మీది పొర ఒక మిల్లీమీటర్. 10 మైక్రోమీటర్ల పొరలోనే వలయం పూర్తయ్యే కరెంటులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది కనుక దాన్ని వదిలేసే వీల్లేదు. గదినంతా 5 మైక్రోమీటర్ల గడులతో నింపితే 64 లక్షల కోట్ల గడులు కావాలి. అందుకే గోడ దగ్గర ఒత్తుగా, మధ్యలో పలచగా గడులు వేస్తారు, లేదా సొమ్మెరియా, మొరో 1982లో చూపినట్టు ఆ పొరను కాగితం మీద సాధించి దాని ప్రభావాన్ని మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. ఇంకో చిక్కుంది. గది మధ్యలో ఒత్తిడీ లోరెంజ్ బలమూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలిన చిన్న తేడాయే ప్రవాహాన్ని నడుపుతుంది. ఒక గడిలోకి వచ్చిన కరెంటుకూ పోయిన కరెంటుకూ మధ్య కంటికి ఆనని దోషం హార్ట్‌మన్ సంఖ్య వర్గంతో, అంటే పది కోట్లతో, గుణించబడి బలంలో బయటపడుతుంది. 2007లో మింగ్‌జియు ని, రమాకాంత్ మునిపల్లి, వారి సహచరులు ప్రతి గడిలోకి వచ్చిన కరెంటుకూ పోయిన కరెంటుకూ లెక్క పూర్తిగా సరిపోయేలా చేసే పద్ధతిని ఇచ్చాక ఎక్కువ హార్ట్‌మన్ సంఖ్యల దగ్గర నమ్మదగిన లెక్కలు తేలికయ్యాయి. ఆ పద్ధతి సారాంశం మళ్లీ అదే: కరెంటు ఎక్కడా పోకూడదు, ఎక్కడి నుంచో రాకూడదు.

కవచపు గోడలు ఉక్కువి, ఉక్కు విద్యుత్తును మోస్తుంది. కనుక కరెంటుకు హార్ట్‌మన్ పొర కాక గోడ కూడా దారి అవుతుంది. అప్పుడు అణచివేత ఎన్నో రెట్లు పెరిగి, పంపు దాని మీద పోరాడాల్సి వస్తుంది. గోడకు విద్యుత్ నిరోధకమైన పూత వేస్తే పంపు తేలికపడుతుంది, కానీ మాస్కో గొట్టంలో చూసిన పెద్ద ఊపుల సుడులకు బతికే చోటు పెరుగుతుంది. ఆ ఊపులు గోడను నిమిషనిమిషానికీ వేడి చేసి చల్లారిస్తే ఉక్కు అలసి పగుళ్లు పడుతుంది. పూతలో ఒకచోట గీత పడినా కరెంటు ఆ గీతలోంచే దారి వెతుక్కుంటుంది. అందుకే ఇప్పుడు ఈ కవచాల మీద చేసే సిమ్యులేషన్లలో ద్రవంతో పాటు గోడ మందాన్ని, పూత నిరోధాన్ని, ఆ గోడ లోపలి కరెంటును కూడా గడులుగా విడదీసి లెక్కిస్తున్నారు.